గోడ మీద అరచేతి నునుపు

తొమ్మిదో రోజు

పదకొండేళ్లుగా ఇళ్లు మప్పుతున్నాను. ఎప్పుడూ నా కోసం ఒక్క ముక్క రాసుకోలేదు. రాయాల్సిందల్లా సంస్థవాళ్లిచ్చిన చిట్టాలో రాశాను. ఏ రోజు ఏ గదికి ఏ అలవాటు నేర్పాను, అది నేర్చుకుందా లేదా, అంతే. నిన్న జరిగినదానికి ఆ చిట్టాలో గడి లేదు. ఎవరికైనా చెప్పుకుందామంటే ఈ ఇంట్లో నేను తప్ప మనిషి లేరు. దేవుడికి పైకి చెప్పుకుందామంటే గోడలు వింటాయి, విన్నది నేర్చుకుంటాయి. మనసులో చెప్పుకుందామంటే మనసు ఒక చోట నిలవడం లేదు. అందుకే పదో తరగతి పరీక్షల తర్వాత మళ్లీ ఇవాళ కలం పట్టాను. కాగితం ఏదీ నేర్చుకోదు. ఇచ్చినది ఉంచుకుంటుంది.

ఇది ఏడో మెట్టు వీధిలో చివరి ఇల్లు. సముద్రం పైకి వచ్చాక కొండ మీద మెట్లు మెట్లుగా కట్టిన ఊరు కదా, ఇక్కడి ఇళ్లన్నీ ఎరుక మట్టివే. ఉన్నవాళ్ల అలవాట్లు పట్టుకుంటాయి. అమ్మేముందు వాటిని చెరిపేస్తే పచ్చి ఇల్లు మిగులుతుంది. అడుగు పెడితే చలి పుడుతుంది, ఎవరూ కొనరు. అందుకని చెరపకుండానే, కొత్త అలవాట్లు నేర్పమని నాలాంటి మనిషిని ఇరవై ఒక్క రోజులు అందులో ఉంచుతారు. తెల్లవారగానే తూర్పు కిటికీ తెరవడం, గడపలో చెప్పుల చప్పుడు వినగానే దీపాలు పసుపు వెలుగుకి దిగడం, పాలు పొంగిన వాసన హాల్లోకి పంపడం నేర్పుతాను. కిటికీ పక్కన వాలుకుర్చీ వేసి, దాని మీద సగం అల్లిన స్వెట్టరు పెడతాను. బల్ల మీద రెండు గ్లాసులు, గుమ్మం దగ్గర చిన్నపిల్లల చెప్పులు. లేని సంసారాన్ని ఉన్నట్టు సర్దడం నా పని. పాపమేమో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. బొమ్మల కొలువు పెట్టినట్టే కదా అని సర్దిచెప్పుకుంటాను.

ఇల్లు మన మాట వింటే గోడకి అరచెయ్యి ఆన్చి పది లెక్కపెట్టాలి. ఆ వెచ్చదనమే దానికి బెల్లం ముక్క. వినకపోతే ఊరుకోవాలి. తిట్టకూడదు, తిట్టే గొంతు కూడా నేర్చుకుంటుంది.

మొదటి రోజు పూజ సామాను సర్దుకుంటుంటే హారతి పళ్లెం చేజారి ఖంగుమంది. వెంటనే కిటికీలు మెల్లగా మూసుకున్నాయి, గోడలు భజన ఎత్తుకున్నాయి. చిడతలు, మద్దెల, పదిమంది గొంతులు, దేవుడి నామం. నా ఒళ్లు పులకరించింది. పూజ పళ్లెం చప్పుడుకే భజన చేసే ఇంటిని నేనెక్కడా చూడలేదు. అరచెయ్యి ఆన్చి పది కాదు, నూట ఎనిమిది లెక్కపెట్టాను. రెండో రోజు రోకలి పడినప్పుడూ అదే భజన. మూడో రోజు గట్టిగా తుమ్మినప్పుడూ అదే. రెండుసార్లూ నేను మళ్లీ నూట ఎనిమిది లెక్కపెట్టాను.

నిన్న అన్నం వారుస్తుంటే గిన్నె జారి గంజి కాలి మీద పడింది. నా గొంతులో అంత కేక ఉందని నాకే తెలియదు. "అమ్మా!" అన్నాను. కిటికీలు ఈసారి మెల్లగా మూసుకోలేదు, దబదబా కొట్టుకున్నాయి. వీధి తలుపు గడియ దానంతటదే పడింది. భజన మొదలైంది. నేను మళ్లీ అరిచాను, భజన పెరిగింది. నేనెంత పెంచితే అదంత పెంచింది. నీళ్ల తొట్టి దాకా డేక్కుంటూ వెళ్లి కాలు ముంచి కూర్చున్నాను. నేను నోరు మూసుకున్నాక కాసేపటికి భజన ఆగింది. కిటికీలు తెరుచుకున్నాయి, ఏమీ జరగనట్టు.

ఎదురింటి అప్పలనరసమ్మ అప్పుడు తన అరుగు మీదే ఉంది. మా గుమ్మానికి పదిహేను అడుగులు. సాయంత్రం పలకరించింది.

"ఏటి తాయారమ్మా, ఈయేళ బజన మా జోరుగా ఎట్టినావు! పని ఆపీసి దండం ఎట్టుకున్నాను."

నేను కాలిని చీర కుచ్చిళ్ల కిందికి లాక్కున్నాను.

నేర్పకుండా ఏ ఇల్లూ ఏదీ చేయదు. దీనికి ఇది ఎవరు నేర్పారు?

పదో రోజు

గోడలకి పలచటి గంజినీళ్లతో తడిగుడ్డ పెట్టే రోజు. కాలు పొక్కులెక్కినా ఆ పని ఆపలేదు. చేతికి పనుంటే మనసు కాస్త అదుపులో ఉంటుందనుకున్నాను.

ఎరుక మట్టి మీద ఏళ్ల తరబడి ఒకే చోట అరచెయ్యి ఆన్చితే అక్కడ నునుపు తేలుతుంది, కాస్త నల్లబడుతుంది. తడి తగిలితే అద్దంలా మెరుస్తుంది. పడకగది కిటికీ పక్కన అలాంటి నునుపు కనిపించింది. నా తల కంటే జానెడు ఎత్తున. మడమలెత్తి చెయ్యి ఆన్చి చూశాను. నా వేళ్లు ఆ వేళ్ల సగానికి కూడా రాలేదు. గబుక్కున చెయ్యి తీసేశాను, ఇల్లు దాన్ని మెచ్చుకోలు అనుకుంటుందేమోనని.

ఇది ఒకరోజు పని కాదు. కేక వినపడ్డప్పుడల్లా కిటికీ మూసినందుకు ఒక మనిషి ఇక్కడ నిలబడి, ఓపిగ్గా, చెయ్యి ఆన్చి మెచ్చుకున్నాడు.

ఈ ఇల్లు ఫణీంద్ర గారిది. ఆయన భార్య హైమవతి గారు వైద్యం కోసం పిన్నిగారింటికి వెళ్లి అక్కడే ఉండిపోయారని, ఒక్కడికి ఇంత ఇల్లెందుకని అమ్మేస్తున్నారని మా జకరయ్య గారు చెప్పారు. జకరయ్య గారంటే సంస్థ తరఫున ఈ మెట్ల మీది ఇళ్ల అమ్మకాలు చూసే మనిషి. నాకు పని అప్పగించేటప్పుడు ఆయన ఒకటే హెచ్చరిక చేశారు. మధ్యాహ్నం రెండింటికి వెనక తలుపు దానంతటదే తెరుచుకుంటోందట, చూడ్డానికి వచ్చినవాళ్లు దయ్యమనుకుంటారు, ముందు అది మాన్పించమన్నారు. నేనింకా మాన్పించలేదు. మిగతా తలుపులన్నీ కిర్రుమంటాయి, అదొక్కటే పిల్లి నడిచినట్టు చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది.

ఇవాళ ఆ తలుపు పక్కన కూడా తడిగుడ్డ పెట్టాను. బియ్యం డబ్బా వెనక, నేలకి మూరెడు ఎత్తున, ఇంకో నునుపు ఉంది. అక్కడ కూర్చుంటే హాల్లోంచి కనపడరు. కూర్చుని నా చెయ్యి ఆన్చాను.

సరిగ్గా సరిపోయింది.

పన్నెండో రోజు

జకరయ్య గారు కొనబోయే అమ్మాయిని తీసుకొచ్చారు. ఇంటి చూపులు ఇరవై ఒకటో రోజున, ఇవాళ ఊరికే గుమ్మం చూసి పోదామని. పేరు ఇందుమతి. ఏడో నెల. మెట్లెక్కి వచ్చిన ఆయాసంలో కూడా నవ్వుతూనే ఉంది.

"పిన్నిగారూ, మీరేనా ఇల్లు మప్పేది? మా ఆయన్ని కూడా ఒక పది రోజులు మప్పి ఇస్తారా?"

అని పకపకా నవ్వింది. హాలు కిటికీ రెక్కలు సగం దాకా మూసుకుని ఆగాయి.

"ఇదేంటండీ, నా నవ్వు నచ్చలేదా మీ ఇంటికి?"

"గాలి, అమ్మా" అన్నాను. గాలి లేదు.

ఆమె భర్త సూరిబాబు, కొండ మీదికీ కిందికీ తాళ్ల మీద వేలాడుతూ తిరిగే తాళ్లబండిలో పనివాడు. నాలుగు రోజులు పైన, మూడు రోజులు ఇంట్లో. "నొప్పులొచ్చే టైముకి మా ఆయన ఏ తాడు పట్టుకుని వేలాడుతుంటారో! ఏం పర్లేదు, నేనొక్క కేక వేస్తే వీధంతా వచ్చేస్తుంది. మా పుట్టింట్లో నా గొంతు పేరు చెబితే దడుచుకునేవాళ్లు" అంది.

ఆ అమ్మాయి అరుస్తుంది. ఈ ఇల్లు గడియ వేసి భజన చేస్తుంది. వీధంతా దండం పెట్టుకుంటుంది.

ఆమె వెళ్లాక జకరయ్య గారిని బయటికి, మెట్ల మీదికి పిలిచి కూర్చోబెట్టి అంతా చెప్పాను.

"ఇల్లు భజన చేస్తే నీకొచ్చిన నష్టమేంటక్కా? చర్చికి పోయేవాణ్ణి, నాకే వినబుద్ధేసింది."

"భజన కాదండీ. కేక వినపడకుండా కప్పుతోంది."

"ఇళ్లన్నాక ఏదో ఒకటి కప్పుతాయి. ఆరో మెట్టు ఇల్లు యజమాని గురకని కప్పేది, గుర్తు లేదా?"

"గడియ కూడా వేస్తోంది జకరయ్య గారూ."

ఆయన నవ్వు ఆగిపోయింది. గొడుగు కర్రతో మెట్టు మీద గీతలు గీస్తూ కూర్చున్నారు. చివరికి అన్నారు, "గోడ చెరిపించాలంటే నలభై రోజులు. పచ్చి ఇంట్లో పురుడు పోసుకోదు ఆ పిల్ల. ఫణీంద్ర గారూ ఒప్పుకోరు. నువ్వీ మాట చిట్టాలో రాయకు, పైవాళ్లు నా పీక పట్టుకుంటారు. తొమ్మిది రోజులుంది. నీ చేతనైతే మాన్పించు."

"నా చేత కాకపోతే?"

ఆయన లేచి గొడుగు విప్పారు. ఎండ లేదు, వాన లేదు.

పదమూడో రోజు

మాన్పించాలంటే ముందు దాని చేత చేయించాలి. కేక వినగానే మూసుకునే కిటికీ తెరుచుకున్నప్పుడు, సరిగ్గా అప్పుడు మెచ్చుకోవాలి. అంటే నేను కేక వేయాలి.

పొద్దున హాలు మధ్యలో నిలబడి నోరు తెరిచాను. రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. గొంతు సవరించుకున్నట్టు ఏదో వచ్చింది. ఇల్లు పట్టించుకోలేదు. మా ఆయన ఉన్నప్పుడు నవ్వేవారు, నీ మాట వినాలంటే నీ పక్కనే కూర్చోవాలి తాయారూ, అందుకే కూర్చుంటున్నాను అని. ఆయన మంచివారు. నాకెప్పుడూ అరిచే అవసరం రాలేదు. అవసరం వచ్చినవాళ్ల గురించి కూడా నేనెప్పుడూ ఆలోచించలేదు.

అప్పలనరసమ్మ దగ్గరికి వెళ్లాను. పాతికేళ్లు తల మీద గంప పెట్టుకుని ఈ మెట్ల మీద చేపలమ్మిన మనిషి. ఏడో మెట్టు మీద కేకేస్తే మూడో మెట్టు వాళ్లు గిన్నెలతో వచ్చేవాళ్లట. తాళ్లబండిలో చేపలు రావడం మొదలయ్యాక మానేసింది. అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. కాలు చూపించాను.

ఆమె చేతిలో వెల్లుల్లి అలాగే ఉండిపోయింది.

"ఓలమ్మ" అంది. "మరి నాను దండం ఎట్టేదాన్నే తల్లీ. ఆ ఇంట్లో బజన ఇనపడితే సాలు, సేస్తన్న పని ఆపీసి రెండు సేతులూ ఎత్తీదాన్ని. ఎంత బక్తి గల కుటుంబం అనుకునీదాన్ని. నానే అందరికీ సెప్పీదాన్ని."

నేనూ నూట ఎనిమిది లెక్కపెట్టినదాన్నే.

తర్వాత ఇంకో సంగతి చెప్పింది. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆమె పక్క సందులో వలలు ఆరేస్తోంది. ఈ ఇంటి వెనక తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. హైమవతి చంకలో సంచితో బయటికి వచ్చింది. ఈమెను చూసి ఆగి, నోటి మీద వేలు పెట్టుకుంది.

"అలిగి పుట్టింటికి ఎల్తంది గావాల అనుకున్నాను. ఆడు వచ్చి అడిగితే నానేటీ సూడనేదన్నాను. ఆడకూతురు నోటి మీద ఏలెట్టుకుంటే నానెలా సెప్తాను?"

"ఇప్పుడెక్కడుంది?"

"తెలవదు. తెలిసినా నీకు సెప్పను, ఏటనుకోకు."

నాకు సంతోషంగా అనిపించింది. ఆ తర్వాత అరవడం నేర్పమన్నాను.

"గొంతుతో అరవకు. బొడ్డుకాడ నుంచి తియ్యి. ఇలాగ, సే... ప... లో!"

ఎదురు కొండ మీద కాకులు లేచాయి. నేను అరిచాను. నా నోట్లోంచి పిల్లి దగ్గు వచ్చింది.

"ఆ కేకకి సేపలు కొనీవోలు కాదు గదా, సేప మీద ఈగ కూడా రాదు" అంది.

అంత బాధలోనూ ఇద్దరం నవ్వుకున్నాం.

పదిహేనో రోజు

ఇవాళ వచ్చింది. బొడ్డు దగ్గర్నుంచి, ఎముకలు కదిలినట్టు. ఇల్లు కిటికీలు మూసి, గడియ వేసి, భజన ఎత్తుకుంది. బయట అప్పలనరసమ్మ కత్తిపీట కొన దూర్చి పడకగది కిటికీ రెక్క లాగింది. అది తెరుచుకోగానే భజన ఒక్క క్షణం తగ్గింది. ఆ క్షణంలో నేను గోడకి అరచెయ్యి ఆన్చాను. ఆ పెద్ద నునుపు మీద కాదు. దాని కింద, నా భుజం ఎత్తున.

పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు. వీధివాళ్లు అడిగితే అప్పలనరసమ్మ, "తాయారమ్మ హరికత నేర్సుకుంటంది, మీకేటి?" అని కసిరిందట.

మాది సింహాద్రి అప్పన్నని కొలిచే ఇల్లు. ఇవాళ దీపం పెడుతుంటే అనిపించింది. ఆయన స్తంభంలోంచి వచ్చినప్పుడు మెత్తగా రాలేదు. పసివాడు ఉన్నాడన్నాడు, స్తంభం పగిలింది, ఆ అరుపుకి లోకం అదిరింది. చిన్నప్పటి నుంచీ ఆ కథ వింటూ నేను ఆయన శాంతించిన రూపాన్నే తల్చుకున్నాను. అరిచిన రూపాన్ని చూడలేకపోయాను.

పదిహేడో రోజు

చెప్పాపెట్టకుండా ఫణీంద్ర గారు వచ్చారు. ఎత్తైన మనిషి. తెల్ల లాల్చీ, నెమ్మదైన మాట. నా పూజకని సజ్జ నిండా సంపెంగలు తెచ్చారు.

"మీరు వచ్చాక ఇంటికి కళ వచ్చిందమ్మా. మా ఇల్లు భజన చేస్తుంది, విన్నారా? మా ఇద్దరికీ భక్తి ఎక్కువ."

"విన్నానండీ."

గదులు చూస్తూ పడకగదిలోకి నడిచారు. కిటికీ పక్కగా వెళుతూ, ఏదో మాట్లాడుతూనే, చెయ్యెత్తి గోడకి ఆన్చారు. చూడకుండానే. ఆ చెయ్యి ఆ నునుపులో ఒదిగిపోయింది. కిటికీ రెక్కలు మెల్లగా దగ్గరికి వచ్చాయి. ఆయన అది గమనించను కూడా లేదు. మనం గుమ్మం దాటుతూ తోరణం తగలకుండా తల వంచుతామే, అలా.

"వెనక తలుపు మానిందా?"

"ఇంకా లేదండీ."

"అది ఎందుకు తెరుచుకుంటుందో నాకిప్పటికీ అంతుపట్టదు. ఎవరు నేర్పారో, ఏమిటో. మీకేమైనా తెలిసిందా?"

ఆ అడగడంలో నెమ్మది పోలేదు, కానీ కళ్లు నా మొహం మీద నుంచి కదల్లేదు. నేను సంపెంగల వైపు చూశాను.

"తెలియదండీ."

అబద్ధమాడాను. మామూలుగా అయితే దేవుడి ముందు లెంపలు వేసుకుంటాను. ఇవాళ వేసుకోలేదు. సంపెంగలు దేవుడికి పెట్టలేదు కూడా.

పంతొమ్మిదో రోజు

ఏదీ కుదురుగా లేదు. ఇల్లు రెండు మాటల మధ్య నలుగుతోంది. కేక వేస్తే కిటికీలు మూసుకుంటాయి, సగంలో ఆగి వణుకుతాయి, తెరుచుకుంటాయి, మళ్లీ మూసుకుంటాయి. భజన ఒక చరణం పాడి ఆగిపోతుంది. గడియ మాత్రం పడుతూనే ఉంది. మొన్న ఫణీంద్ర గారు ఒక్కసారి చెయ్యి ఆన్చిన దానికి నా మూడు రోజుల కష్టం వెనక్కి పోయింది.

దానికి తోడు ముందు నేర్పినవన్నీ చెడుతున్నాయి. దీపాలు పసుపు వెలుగుకి దిగడం లేదు. పాల వాసన హాల్లోకి కాకుండా స్నానాల గదిలోకి పోతోంది. జకరయ్య గారు వచ్చి ముక్కు ఎగబీల్చి, "అక్కా, ఇల్లు అమ్ముతున్నామా, పాడు చేస్తున్నామా?" అన్నారు. స్వెట్టరు విప్పి మళ్లీ అల్లుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే గోడ తడమాలనిపిస్తుంది.

ఇవాళ పదకొండుసార్లు అరిచాను. గొంతు చీరుకుపోయినట్టుంది. పదకొండోసారి అప్పలనరసమ్మ కత్తిపీట పెట్టకముందే పడకగది కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది. ఒక్కటే. గోడకి ఆన్చిన చెయ్యి ఎంతసేపటికీ తీయబుద్ధి కాలేదు.

ఎల్లుండి చూపులు. అప్పుడు ఈ గొంతు పలుకుతుందో లేదో.

ఇరవై ఒకటో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఒంటిగంటన్నరకి వచ్చారు. ఇందుమతి, సూరిబాబు, జకరయ్య గారు, వాళ్ల వెనక ఫణీంద్ర గారు. సూరిబాబు పొట్టి మనిషి, మొహమాటస్తుడు, పెళ్లాం ఏమంటే దానికి తలూపుతాడు. పాలలో యాలకులు వేశాను. నిన్నంతా కూర్చుని మళ్లీ నేర్పాను కనుక దీపాలు పసుపు వెలుగుకి దిగాయి. వాసన హాల్లోకే వచ్చింది. ఇందుమతి వాలుకుర్చీలో కూర్చుని, "ఇక్కడి నుంచి లేవను, సామాను మీరే మోయండి" అంది భర్తతో. జకరయ్య గారు నా వైపు చూసి కళ్లతోనే మెచ్చుకున్నారు.

రెండయింది. వెనక తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. వెలుతురు వంటింటి నేల మీద పరుచుకుంది.

"అదేంటి, ఎవరొచ్చారు?" అంది ఇందుమతి.

ఫణీంద్ర గారు ఆ తలుపు వైపు చూశారు. తర్వాత నా వైపు. ఒక్కసారిగా ఆ నెమ్మది అంతా పోయింది.

"ఇది మాన్పించమని చెప్పించానా లేదా? ఇరవై రోజులు తిని కూర్చోవడానికా నిన్ను పెట్టింది?"

ఆ గొంతు ఈ ఇంటికి తెలుసు. కిటికీలు కదిలాయి. మద్దెల మీద మొదటి దెబ్బ పడింది. వీధి తలుపు గడియ జారడం విన్నాను. ఇందుమతి చెయ్యి తన పొట్ట మీదికి పోయింది.

కళ్లు మూసుకుని అప్పన్నని తల్చుకున్నాను. శాంతించిన రూపం కాదు. బొడ్డు దగ్గర్నుంచి అరిచాను.

భజన గొంతులోనే ఆగిపోయింది. మూసుకుంటున్న రెక్కలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి తెరుచుకున్నాయి. హాలు, పడకగది, వంటిల్లు, ఎప్పుడూ తెరవని అటక కిటికీతో సహా. చివరికి గడియ. అది కిర్రుమంటూ వెనక్కి పోయింది. వీధి తలుపు బార్లా తెరుచుకుంది. గుమ్మంలో కత్తిపీట చేత పట్టుకుని అప్పలనరసమ్మ, ఆమె వెనక వీధిలో ఆరేడుగురు.

"ఏటైనాదమ్మా? ఎవులు అరిసినారు?"

నేను ఇందుమతి చెయ్యి పట్టుకుని పడకగదిలోకి తీసుకెళ్లాను. ఆ పై నునుపు చూపించాను. కేక వినపడితే ఈ ఇంటికి ఏం చేయమని నేర్పారో చెప్పాను. మెల్లగానే చెప్పాను, నాకు వచ్చిన గొంతుతో. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది కనుక అందరికీ వినపడింది. బియ్యం డబ్బా వెనక ఉన్న నునుపు గురించి మాత్రం చెప్పలేదు.

ఇందుమతి ఆ నునుపుని చూసింది. సూరిబాబు తల ఎంత ఎత్తుందో చూసింది. గుమ్మంలో నిలబడ్డ ఫణీంద్ర గారి చెయ్యి వైపు చూసింది. ఆయన ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

"ఇదంతా ఈవిడ పిచ్చి. ఆడవాళ్లు ఒంటరిగా ఉంటే..." అన్నారు.

"అందరం ఉన్నాంలే బాబూ, ఒంటరేటి?" అంది అప్పలనరసమ్మ.

ఆయన మెట్లు దిగిపోయారు. వీధివాళ్లు దారి ఇచ్చారు గానీ, ఎవరూ పలకరించలేదు.

ఇరవై నాలుగో రోజు

సంస్థవాళ్లు చిట్టాలో నా పేరు ఎదురుగా "మప్పు చెడింది" అని రాశారు. ఇక నాకు ఇళ్లు ఇవ్వరట. జకరయ్య గారు స్వయంగా వచ్చి చెప్పారు. గొడుగు తిప్పుతూ, తిప్పుతూ, "మా చర్చి ఇల్లొకటుంది, ముసలి పాస్టరు గారిది. భజన రాదు దానికి. చూస్తావా అక్కా?" అన్నారు. చూస్తానన్నాను.

ఇందుమతి ఇల్లు తీసుకుంటోంది. మూడు రోజులు వాళ్లిద్దరూ వాదించుకున్నారట. "ఇల్లేం చేసింది పిన్నిగారూ, నేర్పినది నేర్చుకుంది" అంది. ఇవాళ ఇద్దరూ వచ్చారు. సూరిబాబుని పడకగదిలో నిలబెట్టి, "నేను అరుస్తాను, కిటికీ తెరుచుకోగానే చెయ్యి ఆన్చు, ఆ పాత గుర్తు మీదే, అది చెరిగిపోవాలి" అంది.

సూరిబాబు మునివేళ్ల మీద లేచాడు. ఎగిరాడు. "అందట్లేదే" అన్నాడు.

ఇందుమతి నవ్వు వీధంతా వినపడింది. కిటికీలు వాటంతటవే ఇంకాస్త తెరుచుకున్నాయి. నేను నా చెయ్యి పెట్టే చోటు చూపించాను. వాళ్లు అక్కడే పెట్టారు.

వెళ్లేముందు ఇందుమతి ఒక్కటే అడిగింది. "ఆ వెనక తలుపు మాన్పించకపోతే ఏమవుతుంది?"

"ఏమీ కాదమ్మా. రెండింటికి కాస్త వెలుతురు వస్తుంది."

"అయితే ఉండనివ్వండి."

ఈ కాగితాలు మడిచి, పసుపు గుడ్డలో చుట్టి, ఆమెకే ఇస్తున్నాను. అమ్మా ఇందుమతీ, వీటిని దాచు. రేపు ఎవరైనా ఈ ఇంట్లో అలాంటిదేమీ జరగలేదంటే, జరిగిందని ఒకచోట రాసి ఉండాలి. కానీ ఎవరికీ చూపించకు. ఏ తలుపు, ఏ వేళ, ఎవరు చూసి చూడనట్టున్నారు, అన్నీ ఇందులో ఉన్నాయి. ఒక మనిషి వాటి కోసం ఇంకా వెతుకుతున్నాడు. హైమవతి తనంతట తాను వచ్చి అడిగితే తప్ప ఈ ముడి విప్పకు. బియ్యం డబ్బా వెనక, నేలకి మూరెడు ఎత్తున పెట్టు. అక్కడ పెట్టినవి హాల్లోంచి కనపడవు.